గోదారికి వినపడదు, కార్లకి వినపడుతుంది

చిరంజీవులు చిన్నోడికి, బుజ్జమ్మకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న సంక్రాంతికి వస్తూ పెరవలిలో ఉండగానే మీ నాన్న ఫోను "ముందు ఇరవై నిమిషాలు ఆలస్యం" అందని, సిద్ధాంతం ఊరి దగ్గర గోదారి వంతెన ముందు నిజంగానే ఆగిపోయారని చెప్పారు. దానికి ముందే ఎలా తెలిసిందని బుజ్జమ్మ అడిగితే, నోట్లో అరిసె ఉందని తప్పించుకున్నాను. ఇదిగో జవాబు.

నా ఉద్యోగమంతా ఏటిగట్ల మీదే గడిచిందని మీకు తెలుసు. భద్రాచలంలో గోదారి 43 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అక్కడ పెరిగిన నీరు ధవళేశ్వరం చేరడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. ఏటి మధ్య లంకల్లో మనుషుల్ని, గొడ్లని గట్టెక్కించడానికి మాకున్న గడువు ఆ ఒక్క రోజే.

రోడ్డు సంగతీ ఇలాంటిదే. ఇది నా సొంత కవిత్వం కాదర్రా. 1955లో లైట్‌హిల్, విథమ్ అనే ఇద్దరు ఇంగ్లండు గణిత పండితులు జంటగా రెండు వ్యాసాలు వేశారు. మొదటిది పొడవాటి నదుల్లో వరద ఎలా నడుస్తుందని, రెండోది కిక్కిరిసిన రోడ్ల మీద బండ్లు ఎలా నడుస్తాయని. రెంటికీ లెక్క ఒకటే.

మాకు నీటి కొలబద్ద ఉన్నట్టే కాలిఫోర్నియా ఫ్రీవేలకీ కొలబద్దలున్నాయి. ఫ్రీవే అంటే సిగ్నళ్లుండవు, ఎక్కడపడితే అక్కడ ఎక్కడానికీ దిగడానికీ వీల్లేదు. ఆ రోడ్డు కింద తీగచుట్టలు పాతారు. పైనుంచి ఇనప బండి వెళ్తే చుట్టకి తెలుస్తుంది. ముప్ఫై సెకన్లకోసారి ఆ లెక్క ఆఫీసుకి చేరుతుంది. ఇప్పుడు మన జేబుల్లో ఫోన్లూ అదే పని చేస్తున్నాయి. దానికి పాత రోజుల లెక్కలు కలుపుతారు: సోమవారం పొద్దున్న ఎలా ఉంటుంది, వానొస్తే ఎలా, పండగొస్తే ఎలా అని.

ఇక్కడే గోదారికీ రోడ్డుకీ తేడా వస్తుంది. ఒక వరసలో గంటకి సుమారు 2000 బండ్లు వెళ్లగలవు. అంటే రెండు సెకన్లు తిరక్కుండానే ఒకటి. కాలవలోకి నీరు ఎక్కువ వదిలితే ఎక్కువే పారుతుంది. రోడ్డు మీదకి బండ్లు మరీ ఎక్కువొస్తే మాత్రం దాటేవి తగ్గిపోతాయి! పైగా వరద దిగువకి వస్తుంది, జామ్ ఎగువకి పాకుతుంది. ముందువాడు బ్రేకేస్తే వెనకవాడు ఇంకాస్త గట్టిగా వేస్తాడు, వాడి వెనకవాడు ఆగే పోతాడు. జపాన్‌లో 230 మీటర్ల గుండ్రటి బాట మీద 22 కార్లని ముప్ఫై కిలోమీటర్ల వేగంతో తిప్పి చూశారు. గుంట లేదు, గేదె అడ్డం రాలేదు. అయినా కాసేపటికి జామ్ పుట్టింది, గంటకి ఇరవై కిలోమీటర్ల చొప్పున వెనక్కి జరిగింది. 2008లో ఆ సంగతి అచ్చయింది. అందుకే మీరు పెరవలిలో ఉండగానే సిద్ధాంతం నుంచి అది మీకు ఎదురొస్తోంది. ఫోను చూసింది దాన్నే.

ఈ జోస్యంలో నాకు నచ్చే చిక్కు ఇంకోటుంది. రేపు వరదొస్తుందని మేం దండోరా వేసినా గోదారి వినదు, దాని దారిన అది వస్తుంది. డ్రైవర్లు వింటారు. వంతెన దగ్గర జామ్ అని ఫోన్లన్నీ చెప్పగానే అందరూ నిడదవోలు మీదుగా కొవ్వూరు వంతెనకి తిరిగారనుకోండి. సిద్ధాంతం ఖాళీ అయిపోతుంది, కొవ్వూరు కిక్కిరిసిపోతుంది. చెప్పిన మాటే చెప్పిన మాటని తప్పు చేస్తుంది. కాబట్టి విన్నాక జనం ఏం చేస్తారో కూడా ముందే లెక్కేసుకోవాలి. మా కొలబద్ద ఉద్యోగంలో ఈ టెన్షన్ ఎప్పుడూ లేదు.

వేసవికి వచ్చేటప్పుడు ఒక పని చేయండి. ముందు కారు ఏదైనా కరెంటు స్తంభం దాటగానే లెక్క మొదలెట్టి, మన కారు దాటేదాకా ఎన్ని సెకన్లో చూడండి. రెండుకి తగ్గితే ముందు కారుకి మరీ దగ్గరగా వెళ్తున్నట్టు; నాన్నకి చెప్పండి, కోప్పడితే నా పేరు చెప్పండి. లెక్కలు కాగితం మీద రాసి తెండి. కొత్తపల్లి కొబ్బరి మావిడికాయలు గడ్డిలో ముగ్గేసి ఉంచుతాను.

మీ
తాతయ్య