ఎండకు పురుగు చస్తుందా? వేడెక్కుతున్న కాలంలో చీడలు: అపోహలు - వాస్తవాలు

మొక్కజొన్న, పత్తి, మిర్చి చేల గట్ల మీద తిరగడమే నా పని. ఏ ఊరికెళ్లినా మాట పంటతో మొదలై వాతావరణం మీదికి పోతుంది. అక్కడ తరచూ వినేవి ఇవి.

అపోహ: "ఈ ఎండలకు మనుషులకే దిక్కు లేదు, పురుగు బతుకుతుందా సార్?"

ఇందులో సగం నిజముంది. వరి సుడిదోమనే తీసుకుంటే, 35 డిగ్రీలు దాటేకొద్దీ దాని గుడ్లు సరిగా పొదగవు. కానీ మనకు అంత ఎండ ఎక్కువగా ఉండేది ఏప్రిల్, మే నెలల్లో. పంటల్లో చాలావరకు చేలో ఉండేది జూన్ నుంచి మార్చి దాకా. అందుకే మే ఎండ కంటే డిసెంబరు చలినే నేను ఎక్కువగా గమనిస్తాను.

పురుగుకు ఒంట్లో సొంత వేడి ఉండదు. బయట ఎంత వేడి ఉంటే అంత వేగంగా ఎదుగుతుంది. కత్తెర పురుగు సంగతి చూడండి. 2018లో కర్ణాటకలో కనబడి, అదే ఏడాది మన మొక్కజొన్న మీదికీ వచ్చింది. దాదాపు పన్నెండున్నర డిగ్రీల లోపు అది ఎదగదు. ఆపైన ఉన్న ఒక్కో డిగ్రీ రోజూ దాని ఖాతాలో జమ అవుతుంది. గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా రావడానికి ఆ జమ సుమారు 390 కావాలి. రోజు సగటు 22 డిగ్రీలుంటే 41 రోజులు పడుతుంది. 24 ఉంటే 34 రోజులే. రెండు డిగ్రీలకే వారం తగ్గిపోయింది! అదే 30 నుంచి 32కు పెరిగితే తేడా రెండు రోజుల పైచిలుకు, అంతే.

చలికాలం మీదుగా సాగే యాసంగి మొక్కజొన్నలో లెక్క తప్పేది ఇక్కడే. "పోయినేడు ఇన్నో రోజుకు మందు కొట్టాం, ఈ ఏడూ అప్పుడే కొడదాం" అనుకుంటే, ఆ రోజుకు పురుగు ముదిరి సుడిలో దూరి, తన పెంటనే పైన మూతలా పెట్టుకుని కూర్చుంటుంది. ఇక మందు దానికెక్కడ తగులుతుంది? తేదీ కాదు, ఆకు మీద కిటికీల్లా గీరిన తెల్ల మచ్చలు చూసి కదలండి.

అపోహ: "గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మొక్క ఏపుగా పెరుగుతుంది కదా, మనకు మంచిదేగా?"

ఇది చదువుకున్న కుర్రాళ్లు అడిగేది. హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (CRIDA)లో పైకప్పు లేని గదుల్లో ఆ వాయువు పెంచి, ఆముదం మీద దాసరి పురుగును పరీక్షించారు. ఆకు పెరిగింది గానీ అందులో నత్రజని తగ్గింది. పస లేని తిండి కదా, పురుగు ఇంకా ఎక్కువ ఆకు తినేసింది.

అపోహ: "కొత్త పురుగులన్నీ వాతావరణం మారినందుకే వస్తున్నాయి."

ఈ మాట వింటే నాకు కొంచెం చిరాకు. 2021-22లో గుంటూరు, ఖమ్మం మిర్చిని ఊడ్చేసిన నల్ల తామర పురుగు బయటి దేశం నుంచి వచ్చింది. 2015లోనే బెంగళూరు దగ్గర బొప్పాయి మీద దాన్ని గుర్తించారు. వచ్చాక వరసపెట్టి మందులు కొట్టి, దాన్ని తినే మిత్రపురుగులను చంపుకున్నది మనమే. పత్తిలో గులాబీ రంగు పురుగు సంగతీ అంతే. బీటీ పత్తి మొక్కలోనే ఉండే విషానికి అది అలవాటు పడిపోయింది. పైగా చేను తీసేయకుండా ఫిబ్రవరి, మార్చి దాకా ఉంచి దానికి మేత పెడుతున్నాం. వేడి ఆ మంటకు గాలి లాంటిదే, నిప్పు పెట్టింది మాత్రం అది కాదు.

అపోహ: "పురుగు పెరిగితే డోసు పెంచాలి."

సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ రకం మందులు చాలా పురుగుల మీద చల్లటి పూట పనిచేసినంత బాగా ఎండలో పనిచేయవు. మధ్యాహ్నం కొట్టి "మందు నకిలీది" అని దుకాణం ముందు గొడవ పడేవాళ్లను చూశాను. నకిలీ సరుకూ ఉంటుంది, కాదనను. ముందు మాత్రం కొట్టిన వేళ అడుగుతాను.

బదనికలకూ, అంటే చీడల గుడ్లలో పెరిగి వాటిని చంపే చిన్న మిత్రపురుగులకూ, ఎండ పడదు. ఒకసారి ఆ బదనికలున్న అట్టముక్కలు, ట్రైకోకార్డులు, పొద్దున పదకొండు గంటలకు, ఆకుల పైవైపు కట్టించాను. రైతు వద్దన్నాడు, నేనే తొందరపడ్డాను. రెండు రోజుల తర్వాత వెళ్లి చూస్తే వాటిలో బయటికొచ్చినవి చాలా తక్కువ. ఇప్పుడు సాయంత్రమే, ఆకు అడుగున కట్టిస్తున్నాను.