ఇన్వర్టర్ ఉంది కదా అనుకున్నాం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడ్డాక కరెంటు కోసం రోజుల తరబడి ఎదురుచూసిన వాళ్లలో నేనూ ఒకణ్ని. కారు స్టార్ట్ చేసి అందులో ఫోన్లు చార్జింగ్ పెట్టుకున్నాం. ఆ దెబ్బకి ఇన్వర్టర్ కొన్నాను. ఇక టెన్షన్ లేదనుకున్నాను.

కొన్నేళ్ల తర్వాత ఒక సాయంత్రం మా ఎంవీపీ కాలనీ ఇంట్లో బల్బులు ఉన్నట్టుండి తెల్లగా వెలిగిపోయాయి. నిమిషంలో టీవీ ఆగిపోయింది, ఫ్రిజ్ బోర్డు కాలిన వాసన. ఆ రెండూ ఇన్వర్టర్ లైన్లో లేవు. పక్కింట్లో మాత్రం ఏమీ కాలేదు, లైట్లు కాస్త మసకబారాయంతే.

"న్యూట్రల్ పోయింది బాబూ" అన్నాడు ఎలక్ట్రీషియన్.

వీధి లైన్లో మూడు ఫేజులు, అంటే కరెంటు తెచ్చే మూడు తీగలు, వాటన్నిటికీ తిరుగుదారిగా ఒక న్యూట్రల్ తీగ ఉంటాయి. ఒక్కో ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టులు, రెండు ఫేజుల మధ్య సుమారు 400. న్యూట్రల్ తెగితే వేర్వేరు ఫేజుల మీదున్న ఇళ్లు ఒకదాని వెనక ఒకటి కలిపినట్టు అయిపోయి, ఆ 400నీ పంచుకుంటాయి. ఎవరింట్లో లోడ్ తక్కువగా ఉంటే వాళ్లకే ఎక్కువ వోల్టేజి. పక్కింట్లో గీజరు నడుస్తోంది, వాళ్లు బతికిపోయారు. కరెంటు పొదుపు చేసినందుకు నాకు పడిన శిక్ష అన్నమాట!

టీవీకి పెట్టిన స్పైక్ బస్టర్ విప్పి చూశాను. లోపల రూపాయి బిళ్లంత నీలి బిళ్ల, సగం నల్లగా మాడి పగిలింది. దాన్ని వేరిస్టర్ అంటారు. జింక్ ఆక్సైడ్‌తో చేస్తారు. మామూలు వోల్టేజికి అది కరెంటును దాదాపుగా పోనివ్వదు. పిడుగు పడినప్పుడు వచ్చే క్షణకాలపు సర్జ్ తగిలితే, కన్ను మూసి తెరిచేలోపే దారి ఇచ్చి ఆ పోటును తన మీదుగా పక్కకు మళ్లిస్తుంది. పెద్ద దెబ్బ తిన్న ప్రతిసారీ కొంత అరుగుతుంది కూడా. కానీ నిమిషాల పాటు 350 వోల్టులు నిలబడితే పాపం అదేం చేస్తుంది, మాడిపోతుంది. స్టెబిలైజర్ కథ ఇంకోటి. అది నెమ్మదిగా మారే హెచ్చుతగ్గులను సరిచేస్తుంది గానీ, సర్జ్‌ని అందుకునేంత వేగం దాని రిలేలకు, అంటే లోపలి స్విచ్‌లకు, లేదు.

న్యూట్రల్ పోయినప్పుడు కాపాడేది ఓవర్ వోల్టేజి ప్రొటెక్టర్. మెయిన్ బోర్డులో బిగించే చిన్న డబ్బా. వోల్టేజి హద్దు దాటితే ఇల్లు మొత్తం కట్ చేసి, సర్దుకున్నాక మళ్లీ కలుపుతుంది. ఫ్రిజ్ రిపేరు బిల్లు కట్టినవాడిగా చెబుతున్నా, ఇన్వర్టర్ కన్నా ముందు దీన్ని కొనాల్సింది.

ఇక బ్యాకప్ సంగతి. 12 వోల్టుల, 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్-అవర్లు ఉంటాయి. లెడ్ బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయకూడదు, ఇన్వర్టర్ కూడా కొంత తింటుంది. చేతికొచ్చేది 1100 అనుకుందాం. 75 వాట్ల పాత ఫ్యాన్లు మూడు, ఎల్ఈడీ బల్బులు మూడు, వైఫై కలిస్తే దాదాపు 260 వాట్లు. నాలుగు గంటలు. అవే మూడూ తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే ఎనిమిది గంటలు దాటుతుంది. పెద్ద బ్యాటరీ కోసం పరిగెత్తే ముందు ఫ్యాన్ల వైపు ఒకసారి తలెత్తి చూడాలి.

"టీవీ గోల తర్వాత, ముందు ఇది సూడు" అంటూ ఆ ఎలక్ట్రీషియన్ పెద్దాయన పెరట్లో ఎర్త్ పైపు దగ్గర కూర్చున్నాడు. క్లాంపు ఉప్పుగాలికి తుప్పు పట్టి, వేలితో తాకగానే పొడిగా రాలింది. ఫేజు నుంచి ఎర్త్‌కి మళ్లించే సర్జ్ ప్రొటెక్టర్ ఎంత ఖరీదుదైనా, ఆ పోటు చివరికి దిగాల్సింది ఈ పైపులోంచే.


కొత్త క్లాంపు బిగించి, గుంటలో రెండు బకెట్ల నీళ్లు పోయించాడు.