రెండు సైకిళ్లు, అవే వేళ్లు

ఎత్తు మొదలైంది. కాళ్లు బరువెక్కుతున్నాయి. కుడి చేతి వేలు తనంతట తానే కదిలి గేరు మీటను నొక్కింది. తేలిక గేరు పడాల్సిన చోట బరువు గేరు పడింది. పెడల్ రాయిలా బిగుసుకుపోయి, సైకిల్ దాదాపు ఆగిపోయింది. గేర్లు మార్చడం నాకు కొత్త కాదు. కానీ ఆ క్షణంలో వేలు పాటించింది నా ఇంకో సైకిల్ పద్ధతిని.

రెండు సైకిళ్లు మార్చి మార్చి తొక్కేవాళ్లలో చాలామందికి ఇది అనుభవమే. అలవాటు పోలేదని సరిపెట్టుకుంటాం. అయితే నా దగ్గర మూడో సైకిల్ ఒకటుంది. చాలా పాతది. దాని గేరు మీటలు హ్యాండిల్ మీద ఉండవు, కింద ఫ్రేము గొట్టానికి బిగించి ఉంటాయి. నెలల తరబడి ముట్టుకోకుండా మళ్లీ ఎక్కినా దానితో ఒక్కసారి కూడా తడబడలేదు. మిగతా రెంటితో దానికి ఏ పోలికా లేదు. కొత్త సైకిళ్లు రెండూ మాత్రం చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, తడబాటంతా వాటి మధ్యే. పోలిక ఉన్నచోట పని సులువు కావాలి కదా, ఇదేమిటని చాలా రోజులు ఆలోచించాను.

ముందు మీట లోపల ఏం జరుగుతుందో చూద్దాం. కేబుల్‌తో పనిచేసే ఏ షిఫ్టర్‌కైనా, అంటే గేరు మార్చే మీటకైనా, ఉన్నవి రెండే పనులు: కేబుల్‌ను లాగడం, వదలడం. సాధారణంగా లాగితే చైను పెద్ద పళ్ల చక్రం మీదికి ఎక్కుతుంది. వదిలితే స్ప్రింగు దాన్ని చిన్న చక్రం మీదికి దింపుతుంది. ఏ వేలు లాగాలి, ఏ వేలు వదలాలి అన్న దగ్గరే తయారీదారుల దారులు వేరయ్యాయి.

పాత మీటలకు మెట్లు లేవు. మీటను కొద్దికొద్దిగా జరుపుతూ, చైను చప్పుడు వింటూ, గేరు సరిగ్గా కూర్చుందో లేదో తొక్కేవాళ్లే తేల్చుకోవాలి. 1980ల మధ్యలో జపాన్ సంస్థ షిమానో తెచ్చిన పద్ధతితో ఒక్కో క్లిక్కుకు ఒక్కో గేరు పడటం మామూలైంది. 1990లో అదే సంస్థ గేరు మీటను బ్రేక్ మీటలోనే కలిపేసింది. బ్రేక్ మీటను లోపలి వైపుకు తోస్తే కేబుల్ లాగుతుంది, దాని వెనకున్న చిన్న మీటను తోస్తే వదులుతుంది. 1992లో ఇటలీ సంస్థ కాంపాన్యోలో వేరే దారి పట్టింది. అక్కడ బ్రేక్ వెనకున్న మీటే కేబుల్‌ను లాగుతుంది, వదలడానికి బొటనవేలి దగ్గర ఇంకో మీట. 2006లో అమెరికా సంస్థ స్రామ్ రెండు పనులనూ ఒకే మీటకు అప్పగించింది. కొంచెం తోస్తే వదులుతుంది, ఇంకా లోపలికి తోస్తే లాగుతుంది.

ఇప్పుడు కుడి చేతిని, అంటే వెనక గేర్లను తీసుకోండి. బ్రేక్ వెనకున్న మీటను తోశారనుకుందాం. షిమానోలో గేరు బరువవుతుంది. కాంపాన్యోలోలో తేలికవుతుంది. స్రామ్‌లో ఎంత దూరం తోశారన్న దాన్ని బట్టి ఉంటుంది. అదే చోటు, అదే వేలు, దాదాపు అదే కదలిక. అర్థాలు మాత్రం మూడు.

ఒకే సైకిల్ మీద కూడా కుడి ఎడమల మధ్య ఇలాంటి తిరకాసు ఉంది. వెనక పెద్ద చక్రం అంటే తేలిక, పెడల్ దగ్గర పెద్ద చక్రం అంటే బరువు. కాబట్టి రెండు చేతులూ ఒకేలా కేబుల్‌ను లాగినా కాళ్లకు తెలిసే ఫలితం తలకిందులు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ‘పైకి’, ‘కిందికి’ అని చెప్పే బదులు ‘లాగితే పెద్ద చక్రం’ అని చెప్పడం మంచిదని నా అభిప్రాయం. ఆ మాట రెండు చేతులకూ సరిపోతుంది.

ఇక మెదడు సంగతి. చేయి తిరిగిన పనిలో ఆలోచన కనబడదు. ‘తేలిక గేరు కావాలి’ అనుకోగానే వేలు కదులుతుంది. అది కదిలేలోపే, తరువాత ఏమవుతుందో మెదడు ఒక అంచనా వేసుకుంటుంది. ఆ అంచనాకూ జరిగినదానికీ తేడా వస్తే సరిదిద్దుకోవడంలో చిన్నమెదడుది ముఖ్య పాత్ర. దీన్ని కళ్లకు కట్టే ప్రయోగం ఒకటుంది. దృశ్యాన్ని పక్కకు జరిపి చూపే పట్టకపు కళ్లద్దాలు పెట్టి, మట్టి ముద్దలనో బాణాలనో గురి చూసి విసరమంటారు. మొదట గురి ఒక పక్కకు తప్పుతుంది, కొన్ని విసుర్లలో సర్దుకుంటుంది. అద్దాలు తీయగానే ఇంకో పక్కకు తప్పుతుంది. చిన్నమెదడు దెబ్బతిన్నవాళ్లలో చాలామందికి ఈ సర్దుబాటే కుదరదు. 1996లో నాడీ శాస్త్రవేత్త థాచ్ బృందం ప్రచురించిన పరిశోధనలో ఇంకో విషయం బయటపడింది. వారాల తరబడి అద్దాలు పెట్టుకుంటూ, తీస్తూ సాధన చేస్తే, అద్దాలున్నా లేకున్నా మొదటి విసురుకే గురి తగలడం సాధ్యమే. పాత లెక్కను చెరిపేయకుండా కొత్త లెక్కను పక్కన దాచుకోవడం మెదడుకు చేతనవును. రెండు సైకిళ్లున్న నాకు ఇంతకంటే ధైర్యమిచ్చే మాట లేదు.

మరి ఏ సమయంలో ఏ లెక్క తీయాలో మెదడుకు ఎలా తెలుస్తుంది? దీనికి జవాబు ఇంకో రకం ప్రయోగాల్లో దొరికింది. మనిషి ఒక రోబో పిడిని పట్టుకుని చేతిని ముందుకు చాపుతుంటే, ఆ యంత్రం చేతిని పక్కకు నెడుతుంది. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు. ఏ వైపు నెట్టబోతుందో రంగు మార్చి ముందే సూచించినా, రంగు ఒక్కటే ఉంటే పెద్దగా ప్రయోజనం కనబడలేదు. రంగుకూ నెట్టుడుకూ సంబంధం ఉందని మనిషికి అర్థమవుతుంది కానీ చేతికి ఎక్కదు. అదే చెయ్యి ఉన్న తీరో, కదలిక జరిగే చోటో మారితే, ఒకదానికొకటి విరుద్ధమైన రెండు లెక్కల్నీ మనుషులు నేర్చుకోగలిగారు.

ఈ ప్రయోగాలు గేరు మీటల మీద చేసినవి కావు, ఆ ముడి నేను వేస్తున్నది. కానీ నా మూడు సైకిళ్లకు అది అచ్చంగా సరిపోతుంది. పాత సైకిల్ మీద గేరు మార్చాలంటే చెయ్యి హ్యాండిల్‌ను వదలాలి, నడుము కొంచెం వంగాలి. ఆ వంగడమే మెదడుకు సూచన. కొత్త సైకిళ్ల రంగులు వేరు, బరువులు వేరు, కానీ చెయ్యి కూర్చునే తీరు ఒక్కటే. చేతికి అవి రెండు సైకిళ్లని తెలిసే దారి లేదు.

తప్పు ఎప్పుడూ ఎత్తు దగ్గరే ఎందుకు జరుగుతుందన్నదీ ఇక్కడే తేలుతుంది. మనసు వేరే చోట ఉన్నప్పుడు, చెయ్యాలనుకున్న పనిని దానికి దగ్గరగా ఉన్న బలమైన అలవాటు లాగేసుకుంటుంది. 1981లో మనస్తత్వ శాస్త్రవేత్త డొనాల్డ్ నార్మన్ పొరపాట్లను వర్గీకరించినప్పుడు ఈ రకానికి ప్రత్యేకంగా చోటిచ్చాడు. చదునైన రోడ్డు మీద నాకు ఆలోచించే తీరిక ఉంటుంది. ఎత్తు మీద ఊపిరి, రోడ్డు, వెనకొచ్చే బండి, అన్నీ ఒకేసారి. ఆ టెన్షన్‌లో ఎక్కువగా తొక్కిన సైకిల్ పద్ధతే గెలుస్తుంది.

ఇది అర్థమయ్యాక కొన్ని మార్చుకున్నాను. సైకిల్ మార్చిన రోజు మొదటి పది నిమిషాలు చదునైన చోటే తొక్కుతాను. గేర్లన్నీ ఆ చివరి నుంచి ఈ చివరికి రెండు మూడు సార్లు మారుస్తాను, ప్రతిసారీ కాళ్లకు తేడా తెలిసేదాకా ఆగుతాను. నోటితో అనుకోవడం కన్నా కాళ్లకు తెలియడం ముఖ్యం. ఒక సైకిల్ హ్యాండిల్‌కు మందమైన టేపు చుట్టి, మీటలు కొంచెం లోపలికి తిప్పి బిగించాను. పట్టు తేడాగా ఉంటే వేళ్లకు గుర్తు దొరుకుతుందని ఆశ. తప్పులు తగ్గాయి. అది టేపు వల్లో, సాధన వల్లో విడదీసి చెప్పలేను.

రెంటికీ ఒకే రకం షిఫ్టర్లు పెట్టించుకోవచ్చు కదా అంటే, పోటీల్లో తొక్కేవాళ్లకు అదే సరైన పని. నేను గేర్లను అలాగే ఉంచాను. గేరు తప్పితే పోయేది కాస్త ఊపిరే. బ్రేకు తప్పితే మనిషే పడతాడు. కుడి చేతి బ్రేకు బ్రిటన్‌లో సాధారణంగా ముందు చక్రానికి ఉంటుంది, అమెరికాలో వెనక చక్రానికి. అక్కడా చెయ్యి కూర్చునే తీరు ఒక్కటే కాబట్టి ఇదే తికమక పొంచి ఉంటుంది. అందుకే కేబుళ్లు మార్పించి, మూడు సైకిళ్లకూ బ్రేకులు ఒకే వైపుకు తెచ్చుకున్నాను.