గిటార్‌కీ బేస్‌కీ కీ కుదరాలంటే: అపోహలు - వాస్తవాలు

రెండు వాద్యాలకూ ట్యూనర్‌లో పచ్చ లైటే వెలిగింది. గిటారిస్ట్ "జి" అన్నారు, బేసిస్ట్ జి పట్టుకున్నారు. అయినా రెండో బార్‌కే ఏదో తేడా కొడుతోంది. ఇలాంటప్పుడు పొరపాటు వేళ్లలో కంటే మాటల్లోనే ఎక్కువగా ఉంటుంది. ఒకరు తమ చేతి షేప్ (కార్డ్ కోసం వేళ్లు పెట్టే తీరు) పేరు చెప్తారు, రెండోవారు దాన్ని వినిపించే స్వరం పేరు అనుకుంటారు. కీ అంటే చెవికి వినిపించేదే. కాపో (స్ట్రింగ్‌లన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టే క్లిప్) ఎక్కడ పెట్టారు, స్ట్రింగ్ ఎంత దించారు అన్నవి అక్కడికి చేరే దారులు. కింది అపోహల్లో చాలా వాటికి మూలం ఈ తేడాను పట్టించుకోకపోవడమే.

అపోహ: గిటారిస్ట్ చెప్పిన కార్డ్ పేర్లనే బేసిస్ట్ వాయిస్తే సరిపోతుంది.

కాపో లేక, ట్యూనింగ్ దించకపోతే సరిపోతుంది. కాపో ఉంటే, అది ఎన్ని ఫ్రెట్లు పైకి జరిగిందో గిటార్ అన్ని సెమీటోన్లు (ఒక ఫ్రెట్ దూరం ఒక సెమీటోన్) పెరుగుతుంది, బేస్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మూడో ఫ్రెట్‌లో కాపో పెట్టి జి, ఇ మైనర్, సి, డి షేప్‌లు వాయిస్తే వినిపించేవి బి ఫ్లాట్, జి మైనర్, ఇ ఫ్లాట్, ఎఫ్. బేస్‌లో ఆ రూట్ నోట్లు (కార్డ్‌కి పేరిచ్చే నోట్లు) వరసగా ఎ స్ట్రింగ్ 1వ ఫ్రెట్, ఇ స్ట్రింగ్ 3వ ఫ్రెట్, ఎ స్ట్రింగ్ 6వ ఫ్రెట్, ఇ స్ట్రింగ్ 1వ ఫ్రెట్‌లో దొరుకుతాయి.

మూడో ఫ్రెట్ కాపో మిగతా వాటికంటే ఎక్కువగా మోసం చేస్తుంది. గిటార్‌లో బి ఫ్లాట్ కార్డ్ మోగుతోంది అనుకుందాం, అందులో ఉన్నవి బి ఫ్లాట్, డి, ఎఫ్. కింద బేస్ పొరపాటున జి వాయిస్తే నాలుగూ కలిసి జి మైనర్ సెవెన్త్ అవుతాయి. అది మంచి కార్డే, కానీ పాటలో ఉండాల్సింది వేరు. అలాగే ఇ ఫ్లాట్ కింద సి పడితే సి మైనర్ సెవెన్త్, ఎఫ్ కింద డి పడితే డి మైనర్ సెవెన్త్. ఏదీ కర్ణకఠోరంగా ఉండదు. ఉత్సాహంగా సాగాల్సిన పాట దిగులుగా వినిపిస్తుంది, కారణం మాత్రం అంతుబట్టదు. అసలు సంగతి ఇ మైనర్ షేప్ దగ్గర బయటపడుతుంది. అప్పుడు గిటార్‌లో మోగేది జి మైనర్, బేస్‌లో మోగేది ఇ. ఆ కార్డ్‌లోని బి ఫ్లాట్‌కీ కింది ఇ నోట్‌కీ మధ్య దూరం ఆక్టేవ్‌లో సరిగ్గా సగం, అంటే ఆరు సెమీటోన్లు. అక్కడ చెవి ఒప్పుకోదు. మొదటి కార్డ్ బాగానే కుదిరింది కదా అని ధీమాగా ఉండకూడదని చెప్పేది ఇందుకే. కాపో ఒకటో ఫ్రెట్‌లో ఉంటే ఇంతదాకా రాదు, ఎ ఫ్లాట్ కార్డ్ కింద జి పడగానే ఆ రాపిడి వెంటనే తెలిసిపోతుంది.

బేసిస్ట్ రెండు వరసలు నోటికి తెచ్చుకుంటే చాలా పాటలు గట్టెక్కుతాయి. జి షేప్‌కి కాపో 1 నుంచి 5 దాకా: ఎ ఫ్లాట్, ఎ, బి ఫ్లాట్, బి, సి. సి షేప్‌కి అదే వరసలో: డి ఫ్లాట్, డి, ఇ ఫ్లాట్, ఇ, ఎఫ్. గిటారిస్ట్ చెప్పాల్సిన పద్ధతి కూడా ఒకటుంది. "కాపో 3, జి షేప్, కీ బి ఫ్లాట్" అని మూడూ చెప్పాలి. బేసిస్ట్‌కి వాటిలో కావాల్సింది చివరిదే, మొదటి రెండూ సరిచూసుకోవడానికి.

అపోహ: అలాంటప్పుడు బేస్‌కి కూడా కాపో పెట్టేస్తే పోతుంది.

అవసరం లేదు. ఓపెన్ కార్డ్‌ల మోత పోకూడదని గిటార్‌కి కాపో పెడతారు. బేస్‌లో ఎక్కువగా ఒక్కో నోటే వాయిస్తాం. పైగా బేస్‌లో ఏ రెండు పక్క స్ట్రింగ్‌ల మధ్యైనా దూరం ఒకటే, ఐదు సెమీటోన్లు. గిటార్‌లో మాత్రం జి, బి స్ట్రింగ్‌ల మధ్య నాలుగే. కాబట్టి బేస్‌లో ఒకచోట నేర్చుకున్న ప్యాటర్న్ ఇంకోచోటికి అచ్చం అలాగే జరుగుతుంది. ఇ స్ట్రింగ్ 3వ ఫ్రెట్‌లో జి రూట్ అనుకుంటే, నాలుగో కార్డ్ (స్కేల్‌లో నాలుగో నోట్ మీద కట్టే కార్డ్) సి పక్క స్ట్రింగ్‌లో అదే ఫ్రెట్, ఐదో కార్డ్ డి అదే స్ట్రింగ్‌లో ఇంకో రెండు ఫ్రెట్లు పైన. గాయని "ఇంకాస్త పెంచండి, బి ఫ్లాట్‌లో పాడతాను" అంటే ఆ మొత్తాన్ని 6వ ఫ్రెట్‌కి జరిపితే సరి: రూట్ ఇ స్ట్రింగ్ 6, నాలుగోది ఎ స్ట్రింగ్ 6, ఐదోది ఎ స్ట్రింగ్ 8. చిక్కు వచ్చేది ఓపెన్ స్ట్రింగ్ కలిపి నేర్చుకున్న లైన్‌తోనే. అది జరగదు. అందుకే లైన్ నేర్చుకునేటప్పుడే ఓపెన్ స్ట్రింగ్ లేకుండా వాయించే పద్ధతి కూడా సాధన చేయాలి.

అపోహ: జి మేజర్, ఇ మైనర్ స్వరాలు ఒకటే కాబట్టి, స్కేల్‌లో ఉన్నంతవరకు బేస్ ఏ నోట్ వాయించినా ఫర్వాలేదు.

స్వరాలు ఒకటే అన్నది నిజం. ఫర్వాలేదన్నది నిజం కాదు. వినేవారు చాలావరకు అన్నిటికంటే కింద మోగే నోట్‌ని బట్టే కార్డ్‌ని గుర్తిస్తారు. గిటార్ సి కార్డ్, అంటే సి, ఇ, జి వాయిస్తున్నప్పుడు బేస్ ఎ పడితే అది ఎ మైనర్ సెవెన్త్. గిటారిస్ట్ వేలు కదపకుండానే కార్డ్ పేరు మారిపోయింది. రెండు వాద్యాలు కలిసినప్పుడు ఆ అధికారం బేస్‌ది, దాన్ని తెలిసి వాడాలి.

చార్ట్‌లో "జి స్లాష్ బి" అని ఉంటే స్లాష్ తర్వాతి అక్షరం బేసిస్ట్‌దే. సి, జి స్లాష్ బి, ఎ మైనర్ అనే వరసలో బేస్ సి, బి, ఎ అంటూ ఒక్కో మెట్టు దిగుతుంది. మధ్యలో అలవాటుగా జి కొడితే ఆ దిగుడే పోతుంది, పాట రాసినవారు కోరుకున్నది ఆ దిగుడునే.

థర్డ్ (రూట్ నుంచి లెక్కిస్తే స్కేల్‌లో మూడో నోట్, ఫిఫ్త్ అంటే ఐదోది) విషయంలో మరీ జాగ్రత్త. రూట్, ఫిఫ్త్ వాయిస్తే మామూలు మేజర్, మైనర్ కార్డ్‌లు రెండింటికీ చెల్లుతాయి. థర్డ్ అలా కాదు. ఎ మేజర్‌లో అది సి షార్ప్, ఎ మైనర్‌లో సి. గిటార్ పవర్ కార్డ్ వాయిస్తుంటే అందులో థర్డ్ ఉండదు, అయినా పాడేవారి స్వరంలో ఉండొచ్చు, ముందు అది వినండి. మైనర్ కీ పాటల్లో ఇంకో మెలిక తరచూ వస్తుంది. ఎ మైనర్‌లో ఐదో కార్డ్‌ని ఇ మేజర్‌గా వాయిస్తే అందులో జి షార్ప్ ఉంటుంది. బేసిస్ట్ స్కేల్‌ని నమ్ముకుని ఆ కార్డ్ మీద మామూలు జి నొక్కితే రెండూ ఢీకొంటాయి. ఆ ఒక్క బార్‌లో మాత్రం జి షార్ప్‌కి మారాలి.

అపోహ: పాట ఏ కార్డ్‌తో మొదలైతే అదే కీ.

చాలా పాటల్లో నిజమే, కానీ నమ్మకంగా చెప్పలేం. ఎ మైనర్, ఎఫ్, సి, జి అని తిరిగే పాట ఎ మైనర్‌లో ఉండొచ్చు, సి మేజర్‌లోనూ ఉండొచ్చు. పల్లవి చివర ఏ కార్డ్ దగ్గర ఆపితే పాట ఇంటికి చేరినట్టు అనిపిస్తుందో చూడండి. రూట్ నోట్లు ఎలాగూ అవే, ఫిల్ (లైన్ల మధ్య ఖాళీని నింపే చిన్న బిట్) ఏ నోట్ మీద ముగించాలన్నదే దీన్ని బట్టి తేలుతుంది.

అపోహ: గిటార్ అర స్వరం దించి ట్యూన్ చేసినా, బేస్ స్టాండర్డ్ ట్యూనింగ్‌లో (ఇ, ఎ, డి, జి) ఉంచి ఒక ఫ్రెట్ కింద వాయించుకోవచ్చు.

ఇ స్ట్రింగ్‌ని ఓపెన్‌గా వాయించాల్సి వచ్చేదాకా ఇది బాగానే నడుస్తుంది. గిటారిస్ట్ ఇ మైనర్ షేప్ పట్టుకుంటే వినిపించేది ఇ ఫ్లాట్ మైనర్. స్టాండర్డ్ బేస్‌లో అన్నిటికంటే కింది నోట్ ఇ, దాని కింద ఇంకో ఫ్రెట్ లేదు. అప్పుడు ఎ స్ట్రింగ్ 6వ ఫ్రెట్‌లోనో, డి స్ట్రింగ్ 1వ ఫ్రెట్‌లోనో ఇ ఫ్లాట్ వాయించాలి. స్వరం సరైనదే, కానీ ఆక్టేవ్ పైన ఉంటుంది, బలం తగ్గుతుంది. అయిదు స్ట్రింగ్‌ల బేస్ అయితే బి స్ట్రింగ్ 4వ ఫ్రెట్‌లో కింది ఇ ఫ్లాట్ దొరుకుతుంది. నాలుగు స్ట్రింగ్‌లదైతే మా సలహా: బేస్ కూడా దించండి. ఒక్క సెమీటోన్‌కి సాధారణంగా సెటప్ మార్చాల్సిన పని ఉండదు. స్ట్రింగ్‌ని కావాల్సిన స్థాయి కంటే కాస్త కిందికి వదిలి, మళ్లీ పైకి బిగిస్తూ ఆపాలి. పైనుంచి దించుతూ ఆపితే వాయిస్తుండగా ఇంకా జారుతుంది. నాలుగూ అయ్యాక మొదటిదాన్ని మళ్లీ చూడండి.

డ్రాప్ డి (అన్నిటికంటే కింది ఇ స్ట్రింగ్‌ని మాత్రమే డికి దించే ట్యూనింగ్) విషయంలో ఒక లెక్క గుర్తుంచుకోవాలి. గిటార్ ఆరో స్ట్రింగ్‌ని డికి దించితే అది దాదాపు 73.4 హెర్ట్జ్. స్టాండర్డ్ బేస్‌లో ఓపెన్ డి స్ట్రింగ్ కూడా సరిగ్గా అంతే. అంటే రెండూ ఒకే స్థాయిలో మోగుతాయి, బేస్ కింద ఉండి మోయాల్సిన చోటు ఖాళీగా మిగిలిపోతుంది. బేస్ ఇ స్ట్రింగ్‌ని కూడా డికి దించితే 36.7 హెర్ట్జ్ వస్తుంది, ఆ ఖాళీ నిండుతుంది. దించాక ఆ ఒక్క స్ట్రింగ్‌లో ప్రతి నోటూ రెండు ఫ్రెట్లు పైకి జరుగుతుంది, జి 3లో కాకుండా 5లో ఉంటుంది.

అపోహ: ట్యూనర్ సరే అంటే శ్రుతి కలిసినట్టే.

ట్యూనర్ చెప్పేది ఆ ఓపెన్ స్ట్రింగ్ గురించి మాత్రమే. ముందుగా రెండు ట్యూనర్లలోనూ రిఫరెన్స్ (ఎ స్వరానికి పెట్టుకున్న కొలత) 440 హెర్ట్జ్ దగ్గరే ఉందో లేదో చూడండి. బటన్ పొరపాటున నొక్కుకుని ఒకటి 442కి వెళ్తే రెండు వాద్యాల మధ్య దాదాపు 8 సెంట్ల (సెమీటోన్‌లో నూరో వంతు ఒక సెంట్) తేడా ఉంటుంది, రెండూ పచ్చ లైటే చూపిస్తాయి. బేస్ కింది ఇ 41.2 హెర్ట్జ్, అంత కింది నోట్ దగ్గర చిన్న ట్యూనర్లు తడబడతాయి. 12వ ఫ్రెట్ హార్మోనిక్ (స్ట్రింగ్‌ని నొక్కకుండా ఆ ఫ్రెట్ మీద తాకి మీటితే వచ్చే ఆక్టేవ్ పై స్వరం) వాయిస్తే సూది నిలబడుతుంది. ఫోన్ ట్యూనర్ వాడుతుంటే పక్కవారు వాయించడం ఆపాలి, లేదంటే అది పక్క వాద్యాన్ని చదువుతుంది.

ఆ తర్వాత చెవితో చూసే పరీక్ష ఉంది, దీన్ని మించింది లేదు. గిటార్ ఓపెన్ ఎ స్ట్రింగ్ 110 హెర్ట్జ్. బేస్ ఓపెన్ ఎ 55, దాని 12వ ఫ్రెట్ హార్మోనిక్ 110. రెండూ ఒకేసారి మోగించి వినండి. ధ్వని పెరుగుతూ తగ్గుతూ అలలా ఊగితే తేడా ఉన్నట్టు. సెకనుకి ఒక ఊపు వస్తే తేడా ఒక హెర్ట్జ్. బేస్‌ని మెల్లగా తిప్పుతూ పోతే ఊపు నెమ్మదించి ఆగిపోతుంది. ఇ, డి, జి స్ట్రింగ్‌లకీ ఇలాగే చేయొచ్చు. గిటార్‌కి కాపో ఉంటే ఈ పరీక్ష కాపో పెట్టకముందే చేయాలి. పెట్టాక గిటార్‌ని మరోసారి ట్యూనర్‌తో చూసుకోవాలి, ఎందుకంటే గట్టిగా బిగిసిన కాపో స్ట్రింగ్‌లని షార్ప్ చేస్తుంది, అంటే స్వరం కాస్త పెంచుతుంది.

ఓపెన్‌లో కలిసి, పై ఫ్రెట్లలో కలవకపోతే లోపం ఇంటొనేషన్‌ది, అంటే అన్ని ఫ్రెట్లలోనూ స్వరం సరిగ్గా పలకడంలో. 12వ ఫ్రెట్ హార్మోనిక్‌ని, అదే ఫ్రెట్ నొక్కిన నోట్‌ని పోల్చండి. నొక్కింది షార్ప్‌గా ఉంటే శాడిల్‌ని (బ్రిడ్జ్ దగ్గర స్ట్రింగ్ ఆనే ముక్కని) మెడకి దూరంగా, ఫ్లాట్‌గా ఉంటే మెడ వైపుకి జరపాలి. జరిపిన ప్రతిసారీ మళ్లీ ట్యూన్ చేసి చూడాలి. పాత స్ట్రింగ్‌లతో ఈ పని పెట్టుకోవద్దు, అవి సరైన కొలత ఇవ్వవు.

అపోహ: రికార్డింగ్‌తో కుదరకపోతే మన కీ తప్పయినట్టే.

ప్రతిసారీ కాదు. కొన్ని రికార్డింగ్‌ల వేగాన్ని కాస్త మార్చి విడుదల చేస్తారు. వేగం దాదాపు 6 శాతం పెరిగితే ఒక సెమీటోన్ పెరుగుతుంది, 3 శాతమైతే రెండు కీల మధ్య ఎక్కడో ఆగుతుంది. ఒక ఫ్రెట్‌లో ఫ్లాట్‌గా, పక్క ఫ్రెట్‌లో షార్ప్‌గా అనిపిస్తే ఇదే కారణం కావొచ్చు. దానితో కలిపి సాధన చేయాలంటే పాటలో బేస్ స్పష్టంగా సాగే ఒక పొడుగు నోట్ చూసుకుని, దానికి ఇద్దరూ ట్యూన్ చేసుకోండి. ఒకరు చేసి ఇంకొకరు చేయకపోతే మొత్తం వృథా. సాధన అయ్యాక రెండు వాద్యాలనూ మళ్లీ 440కి తెచ్చి పక్కన పెట్టండి.