చమురు బావిలోకి ఆవిరి ఎందుకు పంపుతారంటే

చెన్నై

పిల్లలూ,

మణలి రిఫైనరీ పక్కనుంచి వెళ్తున్నప్పుడు అడిగారుగా, భూమిలో చమురు ఉందని తెలిశాక మోటారు పెట్టి తోడేస్తే సరిపోదా అని. లారీల హారన్ల గోలలో సరిగ్గా చెప్పలేకపోయాను.

పల్చటి చమురైతే సరిపోతుంది. చిక్కంతా బరువు చమురుతోనే. మే ఎండకి మెత్తబడి మన చెప్పులకి అంటుకునే రోడ్డు తారు తెల్లవారుజామున ఎంత గట్టిగా ఉంటుందో చూశారా? కెనడాలోని ఆల్బర్టాలో ఇసుకలో కలిసి ఉన్న చమురు దాదాపు అలాంటిదే. అక్కడ భూమి లోపల వేడి 10 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి అసలు కదలదు, 200 డిగ్రీలు దాటిస్తే మాత్రం పల్చబడి పారుతుంది.

మరి వేడినీళ్ళు పొయ్యొచ్చుగా అంటారేమో. కిలో నీటిని 30 నుంచి 100 డిగ్రీలకి తేవడానికి సుమారు 290 కిలోజౌళ్ళు చాలు, ఆ మరిగే నీళ్ళని ఆవిరి చేయడానికి ఇంకో 2257 కావాలి. అంత వేడినీ మోసుకెళ్ళిన ఆవిరి, లోపల చల్లటి రాయి తగలగానే నీరుగా మారి, ఆ వేడిని అక్కడే వదిలేస్తుంది. (బావిలో ఒత్తిడి ఎక్కువ కాబట్టి అంకెలు మారతాయి, పని జరిగే తీరు ఇదే.)

ఇందులో ఒక పద్ధతి అనుకోకుండా దొరికింది. 1959లో వెనెజువెలాలోని మెనె గ్రాండెలో షెల్ అనే చమురు కంపెనీ వాళ్ళు పంపుతున్న ఆవిరి నేల చీల్చుకుని పైకి తన్నింది. ఒత్తిడి తగ్గిద్దామని, ఆవిరి పంపుతున్న బావినే తెరిస్తే అందులోంచి చమురు వచ్చేసింది! అప్పటినుంచి ఒకే బావిలో కొన్నాళ్ళు ఆవిరి పంపడం, మూసి ఉంచడం, తెరిచి తోడుకోవడం. దీన్ని హఫ్ అండ్ పఫ్ అంటారు. తర్వాత రోజర్ బట్లర్ అనే ఇంజినీరు ఒకదాని కింద ఒకటిగా, సుమారు 5 మీటర్ల ఎడంతో రెండు అడ్డబావులు (భూమి లోపల అడ్డంగా సాగే బావులు) వేయించే పద్ధతి తెచ్చాడు. పైదాంట్లోంచి ఆవిరి వెళ్తుంది, కరిగిన చమురు తన బరువుకే కింది బావిలోకి జారుతుంది. నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది, సగం పని భూమ్యాకర్షణే చేసిపెడుతుంది.

ఇక ఖర్చు. పీపా చమురుకి రెండు మూడు పీపాల నీళ్ళని ఆవిరి చేయాలి, ఒక్కోచోట ఇంకా ఎక్కువే. 2019లో లారీ నీళ్ళకి బిందెలు పట్టుకుని నిలబడ్డ ఊరు మనది, ముందు నీళ్ళ గురించే అడుగుతారని తెలుసు. చమురుతో పైకి వచ్చిన నీళ్ళని వేరుచేసి, శుద్ధిచేసి చాలావరకు మళ్ళీ వాడతారు. అసలు బాధ బాయిలర్‌లో తగలేసే గ్యాస్‌తో. ఆవిరి మరీ ఎక్కువ పడుతుంటే ఆ బావి గిట్టుబాటు కాదు. బావి బాగా లోతైనా అంతే, దారిలోనే వేడి పోతుంది.

అందుకే ఒమన్‌లోని అమల్ దగ్గర గాజు ఇళ్ళలో అద్దాలు పెట్టి ఎండతో ఆవిరి చేశారు. మన గుజరాత్‌లో, మెహ్‌సానా దగ్గర బలోల్, సంతాల్ బావుల్లోనైతే ఓఎన్‌జీసీ వాళ్ళు ఇంకా తెగించారు: ఆవిరీ లేదు, బాయిలరూ లేదు, లోపలికి గాలి పంపి కొంత చమురుని భూమిలోనే మండించి, ఆ వేడితో మిగతాది కదిలించారు. ఆ మంటని అదుపులో ఎలా ఉంచుతారో ఇంకో ఉత్తరంలో రాస్తాను.

మీ తాతయ్య