బ్యాక్స్ అనే ప్రోటీన్ ఉన్నంత మాత్రాన కణం చావదు: కణ మరణంపై అపోహలు - వాస్తవాలు

కణాలు ఎలా చనిపోతాయో చూడటమే నా ఉద్యోగం. కొత్తగా ప్రయోగశాలలో చేరే విద్యార్థుల దగ్గర తరచూ వినే మాటలు కొన్ని ఇవి.

అపోహ: కణాలు చనిపోతున్నాయంటే ఏదో జబ్బు ఉన్నట్టే.

వాస్తవం: కడుపులో బిడ్డ చేతివేళ్లు విడివడేదే వాటి మధ్య కణాలు చనిపోవడం వల్ల. దీని మీద ఇంతకన్నా వాదన అనవసరం.

అపోహ: క్యాన్సర్ జన్యువు చేసే పని కణాలను అడ్డూ అదుపూ లేకుండా విభజింపజేయడమే.

వాస్తవం: బీసీఎల్-2 సంగతి వేరు. ఫాలిక్యులర్ లింఫోమా అనే రక్త క్యాన్సర్‌లో 14, 18 క్రోమోజోముల ముక్కలు తారుమారైన చోట దొరికిన జన్యువిది. అది కణాలను పెంచడం లేదని, చావకుండా కాపాడుతోందని 1988లో డేవిడ్ వాక్స్, సుజాన్ కోరీ, జెర్రీ ఆడమ్స్ చూపించారు.

అపోహ: బ్యాక్స్ చంపే ప్రోటీన్. అది ఎక్కువుంటే కణం చస్తుంది.

వాస్తవం: నిక్షేపంగా ఉన్న కణంలోనూ బ్యాక్స్ ఉంటుంది. ప్రోటీన్ ఎంత ఉందో గీతల నలుపుతో చూపే వెస్టర్న్ బ్లాట్ పరీక్షలో బతికిన కణాల గీత, చస్తున్న కణాల గీత పక్కపక్కనే ఒకే నలుపులో కనిపించడం మామూలే. చూడాల్సింది ఎంత ఉందని కాదు, ఎవరు ఎవరిని పట్టుకున్నారని. డీఎన్ఏ దెబ్బతింటే చావును ప్రేరేపించే ప్యూమా అనే ప్రోటీన్ పెరిగి, బీసీఎల్-2 ప్రోటీన్ ఉపరితలం మీది గాడిలో కూర్చుంటుంది. అదే కోవకు చెందిన నోక్సా మాత్రం బీసీఎల్-2 జోలికి పోదు, బీసీఎల్-2 లాగే కణాన్ని కాపాడే ఎమ్‌సీఎల్-1ను పట్టుకుంటుంది. కాపలా ప్రోటీన్లు ఇలా చిక్కుబడ్డాక బ్యాక్స్ అణువులు మైటోకాండ్రియాపై గుమిగూడి బయటి పొరకు చిల్లులు పెడతాయి. అప్పటిదాకా శక్తి తయారీలో ఎలక్ట్రాన్లు మోసిన సైటోక్రోమ్ సి బయటికి కారుతుంది. అపాఫ్-1 అనే ప్రోటీన్ అణువులు ఏడు దానితో కలిసి చక్రంలా అమరి, ప్రోటీన్లను కోసే కాస్పేజ్-9 ఎంజైమును మేల్కొల్పుతాయి. అది కణాన్ని లోపలినుంచి ముక్కలు చేసే కాస్పేజ్-3ను కోసి క్రియాశీలం చేస్తుంది.

ఇలా ఒకదాన్నొకటి పట్టుకున్న ప్రోటీన్ల జంటలను కొలవడంలోనూ ఒక మెలిక ఉంది. కణాలను పగలగొట్టడానికి ట్రైటాన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్ వాడితే బ్యాక్స్ ఆకారం మారిపోయి, కణంలో లేని జంటలు గొట్టంలో పుడతాయి. చాప్స్ అనే మరో డిటర్జెంట్‌తో ఆ బెడద లేదు. అందుకే సదస్సుల్లో ఎవరి పరిశోధన పోస్టరు ముందు నిలబడినా, డిటర్జెంట్ ఏది వాడారన్నదే నా మొదటి ప్రశ్న. కొందరికి అది చిరాకే.

అపోహ: బీసీఎల్-2ను అడ్డుకునే మందు వచ్చింది కాబట్టి క్యాన్సర్ల పని అయిపోయినట్టే.

వాస్తవం: 2016లో అమెరికాలో అనుమతి పొందిన వెనెటోక్లాక్స్ సరిగ్గా ఆ గాడిలోనే దూరి, అక్కడ బందీగా ఉన్న, చావును ప్రేరేపించే బిమ్ ప్రోటీన్‌ను విడిపిస్తుంది. కానీ ఎమ్‌సీఎల్-1 అండతో బతికే కణాలపై అది పెద్దగా పనిచేయదు. అంతకుముందు వచ్చిన నావిటోక్లాక్స్ అనే మందు, బీసీఎల్-2 బంధువైన బీసీఎల్-ఎక్స్ఎల్‌నూ పట్టుకునేది. ప్లేట్‌లెట్లు బతికేది దాని మీదే కావడంతో, రోగుల్లో వాటి సంఖ్య పడిపోయింది. దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియాలోనైతే వెనెటోక్లాక్స్ మరీ వేగంగా పనిచేయడమే సమస్య. ఒకేసారి చచ్చిన కణాల పొటాషియం, యూరిక్ ఆమ్లం రక్తాన్ని ముంచెత్తకుండా రోజుకు 20 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, ఐదు వారాల్లో మెల్లగా 400కు పెంచుతారు.