తిమింగలాల వేట గొడవ ఎక్కడ మొదలైంది?

2023 జూలై చివర్లో శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి సుమారు పాతిక అడుగుల తిమింగలం ఒకటి కొట్టుకొచ్చింది. చూడ్డానికి జనం ఎగబడ్డారు. నీలి తిమింగలమని వార్తల్లో రాశారు. అదే నిజమైతే అది ఇంకా పసిది, ఎందుకంటే నీలి తిమింగలం పిల్ల పుట్టేసరికే దాదాపు అంత పొడవుంటుంది. మన తీరంలో వీటిని ఎవరూ వేటాడరు. అయినా ఇవి ఇంత అరుదైపోవడానికి కారణం వేటే.

1860ల్లో నార్వేకు చెందిన స్వెన్ ఫోయిన్ ఆవిరి ఓడ మీద ఫిరంగి పెట్టి, ఒంట్లో దిగి పేలే ఈటెలు వదలడం మొదలుపెట్టాడు. అప్పటిదాకా ఏ పడవకూ అందని నీలి తిమింగలాలు కూడా అందాయి. 1925 నాటికి కళేబరాన్ని ఓడలోకే లాగి, నడిసముద్రంలోనే నూనె తీసే ఏర్పాటు వచ్చింది. ఆ నూనె సబ్బులకూ వనస్పతికీ పోయేది. 20వ శతాబ్దంలో మొత్తం సుమారు 29 లక్షల తిమింగలాలను చంపారు.

1946లో వేటాడే దేశాలే కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి. దాని కిందే అంతర్జాతీయ తిమింగలాల కమిషన్ ఏర్పడింది. అంటార్కిటిక్‌లో కోటా పెట్టారు గానీ, పెట్టిన పద్ధతి చూడండి. కోటాను నీలి తిమింగలాల్లోనే లెక్కగట్టారు. ఒక నీలి తిమింగలానికి రెండు ఫిన్ తిమింగలాలు సమానం, లేదా రెండున్నర హంప్‌బ్యాక్‌లు, లేదా ఆరు సెయ్‌లు. ఇవన్నీ వేర్వేరు తిమింగల జాతులు. ఏ జాతిని ఎన్ని చంపాలో హద్దు లేదు. ఏ దేశానికెన్నో కూడా మొదట్లో లేదు. దాంతో ఓడలన్నీ పోటీపడి, ఎక్కువ నూనె వచ్చే పెద్దవాటి మీదే పడ్డాయి. నా దృష్టిలో అసలు తప్పు ఇక్కడే జరిగింది. కోటా పెట్టేదీ, వేటాడేదీ, లెక్క రాసేదీ ఒకరే. సోవియట్ నౌకలు 1948 నుంచి దశాబ్దాల పాటు దాదాపు 1,80,000 తిమింగలాలను లెక్కలో చూపకుండా దాచాయని 1990ల్లో రష్యన్ శాస్త్రవేత్తలే బయటపెట్టారు. అందులో అరేబియా సముద్రం కథ కూడా ఉంది. 1965, 1966ల్లో ఒమన్, పాకిస్తాన్, వాయవ్య భారత తీరాల దగ్గర 242 హంప్‌బ్యాక్‌లను చంపేశారు. ఎచ్చెర్ల, భోగాపురం వైపు నుంచి మనవాళ్లు గుజరాత్‌లోని వెరావల్ వలస వెళ్లి చేపల వేట చేసే సముద్రమూ అదే. అక్కడి హంప్‌బ్యాక్‌లు నేటికీ కోలుకోలేదు.

జనం కదిలాకే పరిస్థితి మారింది. 1970లో అమెరికా జీవశాస్త్రవేత్త రోజర్ పేన్ హంప్‌బ్యాక్‌ల పాటల రికార్డు విడుదల చేశాడు. 1975లో పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ కార్యకర్తలు కాలిఫోర్నియా తీరానికి దూరంగా, సోవియట్ వేట ఓడకూ తిమింగలాలకూ మధ్యకు రబ్బరు పడవల్లో వెళ్లి నిలబడ్డారు. ఈటె వాళ్ల తలల మీదుగా దూసుకెళ్లిన దృశ్యం టీవీల్లో వచ్చింది. భారత్ 1981లో కమిషన్‌లో చేరింది. మరుసటి ఏడాది వాణిజ్య వేట ఆపాలన్న తీర్మానం 25–7 ఓట్లతో నెగ్గి, 1985–86 నుంచి అమల్లోకొచ్చింది.

నార్వే అభ్యంతరం చెప్పి 1993లో మళ్లీ మొదలుపెట్టింది. జపాన్ పరిశోధన పేరుతో వేట సాగిస్తూ, ఆ మాంసాన్ని మార్కెట్లో అమ్మింది. అంటార్కిటిక్‌లో ఆ వేట పరిశోధన కోసం కాదని 2014లో అంతర్జాతీయ న్యాయస్థానం 12–4తో తేల్చింది. 2019లో జపాన్ కమిషన్ నుంచే బయటికొచ్చి, తన జలాల్లో బాహాటంగా వేట మొదలుపెట్టింది. అలాస్కా, గ్రీన్‌లాండ్ ఆదివాసుల తిండి కోసం జరిగే వేట సంగతి వేరు. దాన్ని కమిషనే అనుమతిస్తోంది, నేనూ తప్పు పట్టను.

వేట ఆపడమంటే ఏమిటో మన తీరానికి ఒకరు చెప్పక్కర్లేదు. చేపల వేట నిషేధంతో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోట్లు ఒడ్డునే ఉంటాయి. ఆ కాలానికిచ్చే భృతిని 10 వేల నుంచి 20 వేలకు పెంచి, 2025 ఏప్రిల్‌లో ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెంలోనే పంపిణీ మొదలుపెట్టారు. పూట గడవనివాడికి ఎంత మంచి నిషేధమైనా శిక్షే.

గుజరాత్‌లో తిమింగల సొరను కాలేయం నూనె కోసం విపరీతంగా చంపేవారు. అది తిమింగలం కాదు, చేపే. 2001లో చట్టం దాని వేటను నిషేధించింది. ఆ తర్వాత వెరావల్ వైపు ఊరూరా ప్రచారం చేసి, వల కోసి సొరను వదిలిన జాలరికి వల నష్టం చెల్లించడం మొదలుపెట్టారు. ఒకప్పుడు దాన్ని వేటాడిన చేతులే ఇప్పుడు వదిలిపెడుతున్నాయి. రక్షిత జీవులను వదిలినవారికి మహారాష్ట్ర కూడా 2018 నుంచి 25 వేల దాకా ఇస్తోంది. ఇప్పుడు తిమింగలాలకూ డాల్ఫిన్లకూ ఈటె కన్నా వలలతోనే ఎక్కువ ముప్పు. మన తీరాన భావనపాడులో, బారువలో, చింతపల్లిలో కూడా వల కోసినవాడి చేతికి ఆ వల ఖరీదు ఆలస్యం లేకుండా అందాలి.